మూడవజామున వినవచ్చు క్రొత్త గొంతు



నేను గాయకుడను గాను. దోలు పట్టుట ఎఱుగను. తాళము వేయబూనితినా, ప్రక్కవారు నా చేయి పట్టుకొని ఆపుదురు. కేవలము వినువాడను. అయితే వినుటయందు మాత్రము కొంత పాటుపడినవాడను. పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాలలో ఎచట జాతర జరిగినను, ఎచట పట్నము వేసినను, ఎచట దండారి ఆడినను, పోగలిగినంతవఱకు పోయి, నేలపై కూర్చుండి తెల్లవాఱుదాక వినుట నాకు వ్యసనము. 2016వ సంవత్సరమున ఆ రెండు జిల్లాలను విభజించి పెక్కు జిల్లాలు చేసిరి గాని, పాటకు ఆ సరిహద్దులు తెలియవు, నాకును తెలియవు. కొందఱకు పేకాట, కొందఱకు కల్లు, నాకిది. మా ఇంటివారు దీనిని రోగమందురు. మందు దొరకినను నేను పుచ్చుకొనను.

ఈ రాత్రి మీకు విన్నవింపదలచిన విషయ మొక్కటే. క్రొత్త కళాకారుడు ఎచట దొరకును? వానిని కనుగొనవలసినవా రెవరు?

రేడియోలో కూర్చుండి, రేడియోకంటె ఎదుట కూర్చుండి విన్న పాటయే మేలని చెప్పుట వింతగా తోచవచ్చును. కాని నిజము చెప్పక తప్పదు. రేడియో పాటను మీ యింటికి తెచ్చును. మిమ్ములను మాత్రము పాటగాని యొద్దకు గొనిపోజాలదు. చేతి ఫోనులో పాట చూచుటయు నంతే. అందులోని గాయకుడు మీరు ఆవులించినను పాడును, లేచిపోయినను పాడును. ఎదుట నిలిచినవా డట్లు కాడు. మీ ముఖము చూచి కథ పెంచును, మీ ముఖము చూచియే తగ్గించును. మీరు 'ఊ' కొట్టిన చోట ఒక చరణము ఎక్కువ పాడును. ముందు వరుసలోని ముసలవ్వ కంట తడి పెట్టెనా, ఆ ఘట్టము నింకను అరగంట నడిపించును. కాబట్టి ఎదుటి పాటలో సగము పాడువానిది, సగము వినువానిది. దోలు దెబ్బ సంగతి వేఱుగ చెప్పవలెనా? అది చెవికంటె ముందు ఱొమ్మునకు తగులును. ఆ దెబ్బను ఏ పెట్టెయు ఇంతవఱకు మోసికొని రాలేదు.

ఒగ్గుకథను మీరెఱుగుదురు. శివుని డమరుకమునకు ఒగ్గు అని పేరు. దానివలననే కథకును, కథ చెప్పువారికిని ఆ పేరు కలిగినది. గొల్ల కురుమల ఇండ్ల మల్లన్న కల్యాణము చేయునపుడు పసుపు, కుంకుమ, బియ్యపుపిండి మొదలగు పొడులతో నేలమీద పట్నము వేయుదురు. ఆ పట్నము ముందు నిలిచి ప్రధాన కథకుడు మల్లన్న కథయో, బీరప్ప కథయో, ఎల్లమ్మ కథయో ఎత్తుకొనును. వానికి ఎదురుప్రశ్నలు వేయుచు నవ్వించుటకు ప్రక్కన ఒకడు, వెనుక దోళ్లవారు, తాళములవారు, వంతపాట వారు. వేషము మార్చుటకు తెరయు లేదు, గదియు లేదు. ఆ కథకుడే ఈ క్షణమున మల్లన్న; భుజముమీది గుడ్డ నెత్తిన వేసికొనినంతనే గొల్ల కేతమ్మ; మఱుక్షణమున బలిజ మేడలమ్మయై సవతిని తిట్టుచుండును. చూచు మనకు ఆ గుడ్డ మీద గాని, వాని మీసముల మీద గాని దృష్టి పోదు. ఇది ఎట్లు జరుగునో ముప్పది యేండ్లనుండి చూచుచున్నాను, నాకింతవఱకు అంతుపట్టలేదు.

ఇపుడు అసలు విషయమునకు వచ్చెదను. ఒగ్గుకథ రాత్రిని జాముల లెక్కన చూడవలెను. మొదటిజామున ఊరి పెద్దలుందురు, కథ పెట్టించిన ఇంటి యజమాని యుండును, పిలుపు నందుకొని వచ్చిన చుట్టములుందురు. అప్పుడు ప్రధాన కథకుడు తన బలమంతయు చూపును. కట్నములు చదివించుటయు అప్పుడే. ఎవరు ఎంత ఇచ్చిరో కథ నడుమనే వారి పేరు పెట్టి పాడును. రెండవజామున నవ్వులాటలు. పిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోవుదురు. పెద్దలు ఒక్కరొక్కరుగ పైపంచ దులుపుకొని లేతురు. "బాగుగ చెప్పినాడు" అని ఒక మాట అని ఇంటికి పోవుదురు. మూడవజాము వచ్చుసరికి ప్రధాన కథకుని గొంతు అలసియుండును. అతడు ఒక ప్రక్కగా కూర్చుండి చాయ త్రాగును. కథ ఆగరాదు గదా. అప్పుడు వెనుక వంత పలుకుచున్నవారిలో నొకడు ముందునకు వచ్చును. క్రొత్త కళాకారుడు దొరకు చోటు అదియే.

ఓదెల దిక్కున నొక యూర నేను చూచిన సంగతి చెప్పెదను. పడుచువాడు, ఇరువది యేండ్లుండును. గురువు ఆపిన చోటనే కేతమ్మ ఘట్టము నెత్తుకొనెను. గురువుగారి శ్రుతి పైన నుండెను. వీడు దానిని పట్టుకొనబోక, తన గొంతుకు తగినట్లు క్రిందనుండి మొదలు పెట్టెను. దోలువాడు ఒకసారి వాని ముఖము చూచి, తానును నడక తగ్గించెను. కొంతదూరము పోయిన తరువాత కేతమ్మ పుట్టింటివారి వరుస చెప్పుచు ఒక పేరు దగ్గఱ వాడు తడబడెను. ఆగిపోలేదు. ఎదుట కూర్చుండిన ముసలవ్వను చూచి, కథలోని కేతమ్మ గొంతుతోనే, "అవ్వా, మా పెద్దనాయన పేరు నాకు యాది లేదు, నీకు గాని యున్నదా?" అని అడిగెను. ఆమె చెప్పెను. వాడు ఆ పేరును, ఆ పేరు చెప్పిన అవ్వను కూడ పాటలోనికి ఎక్కించుకొని ముందునకు సాగెను. కునుకుచున్నవారందఱు నవ్వుచు లేచి కూర్చుండిరి. నేను గురువు వైపు చూచితిని. చాయ గ్లాసు ఆయన చేతిలో అట్లే యున్నది. త్రాగుట మఱచెను. తెల్లవాఱుదాక మఱల ఆయన లేవలేదు; కథ నంతయు వానికే విడిచిపెట్టెను.

ఆ రాత్రి చివఱిదాక మిగిలినవారము లెక్కపెట్టినచో పదునైదు మందికి మించము. ఊరి పెద్దలలో ఒక్కరును లేరు. మఱునాడు ప్రొద్దున చావడిలో వారు ప్రధాన కథకునే మెచ్చుకొనుచుండిరి. తమ యూర ఒక క్రొత్త కథకుడు పుట్టినాడని వారికి తెలియదు. తెలిసినచో మఱుసటి యేడు వానిని పేరు పెట్టి పిలిచెడివారు గదా! నా బాధ ఇదియే. కళాకారుని కనుగొనువాడు విద్వాంసుడో, అధికారియో కానక్కఱలేదు. మూడవజాముదాక మేలుకొనువాడు కావలెను.

ఈ బాధకు కారణము లేకపోలేదు. మనము చూచుచుండగనే పెద్ద గొంతులు ఒక్కటొక్కటిగ వెళ్లిపోవుచున్నవి. వేములవాడ ప్రక్కనున్న హనుమాజీపేట వాడైన మిద్దె రాములు గారు 2010లో పోయిరి. ఒగ్గుకథ నేర్పు విద్యగాను, గుడి ముంగిలి దాటి సభలలో చెప్పు విద్యగాను పేరు పొందునట్లు చేసిన చుక్క సత్తయ్య గారు, జనగామ ప్రాంతమున మాణిక్యాపురము వారు, 2017లో పోయిరి. వారికి కేంద్ర సంగీత నాటక అకాడెమీ బహుమానము వచ్చియుండెను. కోయవారి డోలి కథ చెప్పి 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య గారును, గుస్సాడీ కనకరాజు గారును 2024లోనే పోయిరి. వీరిని గుర్తించుటకు ఢిల్లీ వచ్చినది, మంచిదే. కాని ఢిల్లీ గుర్తించునాటికి వారు ముసలివారు. ఇరువది యేండ్ల వయసున వారిని గుర్తించినవా రెవరు? ఏదో యొక యూర, ఏదో యొక రాత్రి, మేలుకొని కూర్చుండిన పదునైదు మంది.

హనుమాజీపేట పేరు వచ్చినది గనుక ఒక మాట. సి. నారాయణరెడ్డి గారును ఆ యూర 1931లో జన్మించినవారే. జ్ఞానపీఠ బహుమానము 1988వ సంవత్సరమునకు వారికి వచ్చినదని మీ రెఱుగుదురు. చిన్ననాట ఆయన హరికథలకు, జంగము కథలకు, పల్లెపాటలకు వశుడై వాని చుట్టు తిరిగినవాడు. చదువు ఉర్దూలో సాగినది. తెలుగు లయ మాత్రము ఆ రాత్రులలో చెవికెక్కినది. ఆ కథలు చెప్పినవారి పేర్లు మనకు తెలియవు. తాము ఒక మహాకవి చెవిలో పాడుచున్నామని వారికిని తెలియదు. కాబట్టి క్రొత్తవాడు దొరకుట పాడువారిలోనే కాదు, వినువారిలోను జరుగవచ్చును. నిద్రపోవుచున్న పిల్లవానిని ఇంటికి మోసికొనిపోవునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

అన్యదేశముల ముచ్చట యొకటి చెప్పెదను, ఎందుకనగా ఇట్టి వెదకులాట మన యొద్దనే గాక అంతటను కలదు. అమెరికాలో 1941లో అలన్ లోమాక్స్ అను పాటల సేకరణకర్తయు, జాన్ వర్క్ అను నల్లజాతి పండితుడును మిసిసిపీ రాష్ట్రపు ప్రత్తి పొలములకు శబ్దగ్రహణ యంత్రముతో పోయిరి. లోమాక్స్ రాబర్ట్ జాన్సన్ అను గాయకుని గూర్చి విచారించెను. అతడు 1938లోనే చనిపోయియుండెను. ఆ వెదకులాటలోనే వారికి పొలముపని చేసికొని బ్రతుకుచున్న మఱియొకడు దొరకెను. లోకము వానిని మడ్డీ వాటర్స్ అనును. తన గొంతును ఆ యంత్రములో తానే విని, నేనును పాడగలవాడనే అని వానికి మొదటిసారి నమ్మకము కలిగెనట. 1943లో చికాగో నగరమునకు పోయి ఎంత పేరు గడించెనో తరువాతి చరిత్ర. ఒకనికొఱకు పోయిన చోట మఱియొకడు దొరకుట నాకును పెక్కుసారులు జరిగినది. జాతరకు పోవుట మాత్రము ముఖ్యము.

ఇక మన పల్లెలలోనే పుట్టు కళ యొకటి కలదు: చిరుతల రామాయణము. దీనికి కళాకారులు పొరుగూరినుండి రారు. ఊరి పడుచువారే కొన్ని నెలలు రాత్రిపూట గురువు యొద్ద నేర్చుకొని, చేత చిరుతలు పట్టి ఆడుదురు. పగలు నాగలి పట్టువాడు రాత్రి రాముడు. దీనిలో నాకు అత్యంత ప్రీతియైనది నాటకము గాదు, నేర్పు రాత్రులు. ఎవనికి ఏ పాత్ర ఇచ్చుటయో గురువు తేల్చు రోజున పోయి చూడుడు. పలుకుబడి గల ఇంటి పిల్లవానికి రాముని వేషము. అది ఎక్కడనైనను తప్పదు. కాని ఒక మూలనుండి, ఏ పాత్రయు అడుగని మేకలకాపరి పిల్లవాడు ఒకడు గుహుని పాట రెండు చరణములు పాడును, చిరుతలు చేతిలోనే నిలిచిపోవును. ఇట్టి సంఘటనను నేను రెండు ఊళ్లలో చూచితిని. ఒక యూర ఆ పిల్లవానికి గుహుని పాత్ర యిచ్చిరి. రెండవ యూర ఈయలేదు. ఏ యూరి రామాయణమును జనము మఱల అడిగి ఆడించుకొనిరో మీరే ఊహింపగలరు.

బతుకమ్మ విషయమును మఱువరాదు. ఒక స్త్రీ ఎత్తుకొనవలెను, తక్కినవారు అందుకొనవలెను. ఎత్తుకొను ఆ గొంతు ప్రతి వాడకట్టునను ఒకటో రెండో యుండును. డీజే పెట్టెలనుండి పాట వచ్చుచున్నచో ఎత్తుకొను పని ఎవరికిని పడదు. చప్పట్లు మాత్రము మిగులును. ఏండ్లు గడచినచో ఆ వాడకట్టున ఎవరికి గొంతున్నదో ఆ ఇంటివారికే తెలియకుండ పోవును.

గోదావరి దాటి ఆదిలాబాదు వైపు పోవుదము. అచట రాజగోండుల దండారి దీపావళి దినములలో జరుగును. నెమలి ఈకలతో కట్టిన ఎత్తైన టోపీ, దానికి కొమ్ములు, ఒంటినిండ విభూతి, భుజమున మేకతోలు, చేత కోల: ఇది గుస్సాడీ వేషము. ఒక యూరి దండారి మఱియొక యూరికి అతిథిగ పోవును. ఆ యూరివారు ఎదురువచ్చి తీసికొనిపోయి, అన్నము పెట్టి, రాత్రి యంతయు ఆడించుకొందురు. తరువాత వీరు వారి యూరికి పోవుదురు. దండేపల్లి మండలమున గుడిరేవు యొద్ద, గోదావరి యొడ్డున, పద్మల్‌పురి కాకో దేవత సన్నిధికి దండారి బృందములు అనేకము వచ్చును. క్రొత్త ఆటగానిని చూడవలెనన్నచో అంతకంటె మంచి చోటు నేనెఱుగను. ఒక బృందము ఆడుచుండగ ప్రక్కన నిలిచిన వేఱు బృందములవారి ముఖములు చూచుచుండవలెను. మనకు తెలియని నేర్పు వారికి తెలియును. వారి కనుబొమలు లేచినపుడు మనము ఆ ఆటగానిని గుర్తుపెట్టుకొనవలెను.

జైనూరు మండలము మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీని ఇందిరాగాంధి ప్రధానిగ నున్న కాలమున ఢిల్లీ దాక కొనిపోయిరి. 2021లో పద్మశ్రీ వచ్చెను. అంతకంటె గొప్ప సంగతి ఏమనగా, ఆయన పడుచువారికి ఆ అడుగులు నేర్పుచు వచ్చిరి. అయినను ఒక మాట చెప్పవలెను. గుస్సాడీ చూడబోవు పట్టణవాసుల కన్ను ఎప్పుడును నెమలి ఈకల మీదనే యుండును. ఫోటోలన్నియు దానివే. ఆ అడుగును నడిపించు తుడుమువానిని, డప్పువానిని, సన్నాయివంటి పేప్రె ఊదువానిని అడిగినవాడు లేడు. నేను దండారికి పోయినచో వాద్యములవారి వెనుక కూర్చుందును. ఆట వెనుకనుండి కనబడును గాని, పాట ముందునుండి వినబడును.

వాద్యములనగా ప్రధానులను తలపక పోరాదు. గోండుల వంశకథలను తరతరములుగ మోయుచున్నవారు ప్రధానులు, తోటీలు. ఒక్కొక్క ప్రధాను కుటుంబమునకు గోండులలో ఒక్కొక్క వంశము పోషకులు. పెర్సాపేన్ పూజలోను, మరణకర్మలలోను ప్రధానుడు కీక్రి అను మూడు తంతుల వాద్యమును కమానుతో వాయించుచు ఆ వంశము ఎక్కడ పుట్టినదో, ఏ నది దాటినదో గానము చేయును. జోడెఘాట్‌లో కొమురం భీము 1940లో ప్రాణములిచ్చిన పిమ్మట, నిజాము ప్రభుత్వ మాహ్వానింపగ ఆ ప్రాంతమునకు వచ్చిన హైమన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయిలో నివసించి ఆ కథలను వ్రాసికొనెను. ఆయన గోండులను గూర్చి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను. గ్రంథములో కథ నిలిచినది, నిజమే. కీక్రి నాదము గ్రంథములో నిలువదు గదా. నాకు గోండీ భాష రాదు. ప్రక్కన కూర్చుండిన మిత్రుడు రెండు మాటలకొకసారి తెలుగు చేసి చెప్పును. ఒక దశ దాటిన తరువాత చాలునని చేతితో వానిని ఆపుదును. ఆ వాద్యము ఏడ్చుచున్నదో, నవ్వుచున్నదో తెలిసికొనుటకు భాష వలదు.

పోషకులు వినుట మానినచో ప్రధానుల గతి ఏమగునో మనకు ఉత్తరమున నిదర్శనము కలదు. మధ్యప్రదేశములోను ప్రధాను గోండులు కలరు. వారి వాద్యము బానా. పాటన్‌గఢ్ అను పల్లెలో ఒక ప్రధాను పడుచువాడు గోడలకు బొమ్మలు వ్రాయుచుండగ, 1981లో భోపాలు భారత భవనమునకై కళాకారులను వెదకుచు పోయిన స్వామినాథన్ గారి బృందము కనుగొనెను. వాని పేరు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. వాని బొమ్మలు విదేశముల దాక పోయినవి. ఒక చిత్రకళా సంప్రదాయమే వాని పేర వెలసినది. ఆ బొమ్మలలో పాత వంశకథల దేవతలున్నారు. పాడవలసిన కులము కథను రంగులలోనికి మార్చుకొనినది. సంతోషింపదగినదే. అయినను ఆ రంగులను చూచునపుడెల్ల నాకు మూలబడిన బానా తలపునకు వచ్చును. మన ఆదిలాబాదు కీక్రికి ఇంకను గొంతున్నది. ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరులో పుష్యమాసపు అమావాస్యనాడు మెస్రం వంశీయులు గోదావరి జలము కాలినడకన తెచ్చి నాగోబాను పూజించు జాతరకు పోయినపుడు, దుకాణముల వరుసలు దాటి, వంశీయుల విడిదుల దిక్కు నెమ్మదిగ నడచి చూడుడు. ధ్వనివర్ధకముల క్రింద అది వినబడదు. దగ్గఱకు పోవలెను, అనుమతి యడిగి కూర్చుండవలెను.

జానపదమే సంగీతమని నా వాదము కాదు. వేములవాడ రాజన్న సన్నిధిలో యేటేట త్యాగరాజ ఆరాధనోత్సవములు జరుగును. పేరుగల విద్వాంసుని కచేరికి ముందు వరుసలో చోటు దొరకదు. అట్టి ఉత్సవములలో ఎక్కడనైనను చిన్నవారికి దొరకునవి ఎవరును రాని వేళలు. ఆ వేళలో ఒక బాలిక కన్నులు మూసికొని ఖాళీ చాపలకు పాడుచుండును. నేను ఆ వేళకు పోవుదును. పది మందిలో ఏడుగురు వేఱువేఱు బాలికల తల్లిదండ్రులు. వారిలో ఎవరి బిడ్డ పది యేండ్లకు ఏమగునో చెప్పలేము గాని, ఆమె మొదటి తప్పును, మొదటి మెఱుపును విన్నవాడనను గర్వము నాకు మిగులును. ఈ గర్వమునకు ఖర్చు లేదు, బస్సు కిరాయి తప్ప.

పెద్దలారా, ఇప్పుడు మీ వంతు. ఊర ఉత్సవము వచ్చినపుడు చందా డబ్బు ఎట్లు ఖర్చు పెట్టవలెనో నిశ్చయించువారు మీరు. డీజే పెట్టెలకు ఎంత, దీపాలకు ఎంత, కథకు ఎంత అను లెక్క మీ చావడిలో తేలును. పిల్లలు ఎగురవలెనందురు, ఎగురనిండు, ఒక గంట. నాకు దానిమీద పగ లేదు. కాని కథ చెప్పువారిని పిలిచి, "అరగంటలో ముగించుడు, తరువాత ముఖ్య అతిథుల ఉపన్యాసములున్నవి" అని చెప్పు అలవాటు మాత్రము ఘోరము. అరగంటలో ప్రధాన కథకుడు తన పేరును, మీ పేర్లును చెప్పి మంగళము పాడగలడు. వెనుకనున్న పడుచువాడు నోరు తెఱచు వేళయే రాదు. వేదికల మీద ఇట్లు పది సంవత్సరములు గడచినచో, ప్రధాన కథకుడు పోయిననాడు వాని చోట నిలువగలవా డుండడు. తప్పు ఎవరిదని అప్పుడు వెదకుట దండుగ.

అందుచేత ఒక బృందమును పిలిచితిరా, రాత్రి యంతయు పిలువుడు. సంవత్సరమునకు ఒక్క రాత్రియైనను చాలును. బేరమాడునపుడే గురువుతో నెమ్మదిగ ఒక మాట అనుడు: "మీ శిష్యులలో ఒకనికి ఒక ఘట్టము పూర్తిగ ఇయ్యుడు. మేము విందుము." గురువునకు కోపము రాదు. నేను అడిగి చూచితిని. పెక్కుమంది లోలోపల సంతోషించినారు, ఎందుకనగా శిష్యుని నిలబెట్టుటకు ఊరిపెద్దల మాట వారికి సాకు. ఆ శిష్యుడు చక్కగ పాడినచో అందఱి యెదుట వాని ఊరు, పేరు అడుగుడు. మీ లెక్కల పుస్తకములోనో, ఫోనులోనో వ్రాసికొనుడు. మఱుసటి యేడు వానిని పేరుతో పిలిపింపుడు. పొరుగూరి పెద్దలు సంతలో కనబడినపుడు చెప్పుడు. ఒక కళాకారుడు నాలుగూళ్లకు తెలియుట ఇట్లే జరుగును. నేను చూచిన ఆ ఓదెల దిక్కు పడుచువాని పేరు అట్లే నేను ఆఱు ఊళ్లలో చెప్పితిని. మూడు ఊళ్లు పిలిచినవి. ఇప్పుడు వాని వెనుక వంత పలుకు పిల్లలు ఇద్దఱున్నారు.

శిష్యుడు బాగుగ పాడలేదనుకొనుడు. అదియు కలదు. ఒకనాడు నేను మూడు గంటలు ఒక యువకుని విని, లేచి వచ్చి, దారిలో మిత్రునితో, "గొంతు లేదు, తాళము లేదు, ధైర్యము మాత్రము బండెడున్నది" అంటిని. మిత్రుడు, "మఱి మూడు గంటలు ఏల కూర్చుంటివి?" అనెను. ఏమి చెప్పుదును? నాలుగవ గంటలో ఏమైన వచ్చునేమో అని. క్రొత్తవారిని వినువానికి ఇట్టి రాత్రులు పది వచ్చును, ఓదెల రాత్రి వంటిది ఒకటి వచ్చును. చేపలు పట్టువాడు కూడ ఇంతకంటె మంచి లెక్క చెప్పలేడు.

బృందము వచ్చు దినమున చేయవలసిన పనులు కొన్ని యున్నవి. చలికాలపు రాత్రులలో మంచుకు డప్పు తోలు సడలి ధ్వని మందగించును. కావున వేదికకు కొంత దూరముగ ఒక నెగడు వేయించి ఉంచుడు. దోళ్లవారికి కూర్చుండుటకు బల్ల వలదు, గట్టి నేల కావలెను. ధ్వనివర్ధకము కథకుని యొద్ద ఒకటి చాలును, దోలు నోట పెట్టవలదు. చాయ మొదటిజామున పంచి ముగింపక, మూడవజామునకు ఒక గిన్నెడు మిగిల్చి ఉంచుడు. పాడువారికి గ్లాసులు ఇచ్చునపుడు ఆ వెనుకనున్న పడుచువానికి కూడ ఒకటి మీ చేతితోనే అందింపుడు.